ఇంజనుకు కుదురు

పాలకడలిని చిలకడానికి మందరగిరిని కవ్వంగా తెచ్చిన దేవదానవులకు మొదట ఎదురైన చిక్కు బలానికి సంబంధించినది కాదు, ఆధారానికి సంబంధించినది. వాసుకి తాడయ్యాడు. ఇరువైపులా లాగేవారు సిద్ధంగా నిలిచారు. కాని అడుగున ఊతం లేని కొండ నీటిలో మునిగిపోయింది. విష్ణువు కూర్మరూపం దాల్చి తన వీపును ఆధారంగా అందించిన తరువాతనే ఆ మహాకార్యం ముందుకు సాగింది. పోతన భాగవతం అష్టమ స్కంధంలోని ఈ కథ తెలుగువారికి సుపరిచితమే. బరువైన వస్తువును ఎత్తడం ఒక విద్య, ఎత్తినదానిని నిలపడం మరొక విద్య. మోటారు వాహనాలను మరమ్మతు చేసే షెడ్లలో ఈ రెండవ విద్య అవసరం ప్రతిదినమూ కలుగుతూనే ఉంటుంది.

బరువును నిలిపే సాధనానికి తెలుగులో చక్కని మాట ఉన్నది. అది కుదురు. గుండ్రని అడుగు గల కుండ నేలమీద నిలవదు. అందుచేత గడ్డితోగాని, నారతోగాని, పాతగుడ్డతోగాని చుట్టిన వలయాన్ని దాని కింద ఉంచుతారు. 'కుదురుగా కూర్చో', 'కుదురు లేని మనిషి' అనే పలుకుబళ్లలో వినిపించేది కూడా ఈ స్థిరత్వమే. కారు నుండి దించిన ఇంజను కూడా కుండవంటిదే. దాని అడుగు చదునుగా ఉండదు. ఒకవైపు గొట్టాలు, మరొకవైపు పంపులు, అడుగున నూనె నిలిచే రేకుతొట్టి, ఇట్లా నాలుగు దిక్కులా పొడుచుకు వచ్చిన అవయవాలతో అది ఏ పక్కకు వాలుతుందో చెప్పలేని ఆకారం. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, ఊరి చివర రోడ్డు పక్కనున్న రేకుల షెడ్డులోనైనా, దించిన ఇంజను పాత టైరుమీద కూర్చొని కనిపించడానికి కారణం ఇదే. ఆ టైరు ప్రాచీనమైన చుట్టకుదురుకు మారురూపం. ఆ ఏర్పాటును మొదట చేసిన అజ్ఞాత మెకానిక్కు బుద్ధిని మెచ్చుకోక తప్పదు.

అయినప్పటికీ టైరు అన్ని వేళలా చాలుతుందా అనేది ప్రశ్న. తండ్రి కాలంలో టాక్సీగా తిరిగిన అంబాసిడర్ కారును తిరిగి రోడ్డెక్కించాలని సంకల్పించిన ఒక యువకుడిని ఉదాహరణగా ఊహించుకోవచ్చు. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది. దానిలోని 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనుకు పోతపోసిన ఇనుముతో చేసిన బ్లాకు ఉంటుంది. దానికి అమర్చిన భాగాలన్నిటితో కలిపి తూకం 150 కిలోలకు అటు ఇటుగా ఉంటుందని లెక్క వేసుకోవచ్చు. చైను కప్పీతో ఇంజనును పైకి లాగి, బయటికి తీసి, టైరుమీద దించేసరికి సగం రోజు గడిచిపోతుంది. అసలు పని అప్పుడే మొదలవుతుంది. బ్లాకును రీబోరింగుకు పంపాలి. పిస్టన్లు, రింగులు, బేరింగులు వెదకాలి. పాత వాహనానికి విడిభాగాలు ఒక్క పూటలో దొరకవు. వారం అనుకున్నది నెల అవుతుంది, నెల అనుకున్నది వర్షాకాలం దాటుతుంది. అంతకాలం ఇంజను దేనిమీద నిలవాలి? ఎవరైనా దాని కింద చేయి పెట్టవలసి వచ్చినప్పుడు ఆ చేతికి రక్ష ఏది?

టైరుతో కలిగే మొదటి కీడు కంటికి కనిపించదు. ఇంజను అడుగున ఉండే నూనెతొట్టిని ఇంగ్లీషు పుస్తకాలు సంపు అంటాయి, మన మెకానిక్కులు ఛాంబరు అంటారు. అనేక వాహనాలలో అది పలుచని ఇనుపరేకుతో చేసినది. నూనెను మోయడానికే తప్ప ఇంజను బరువును మోయడానికి దానిని రూపొందించలేదు. ఇంజను దానిమీదనే ఆని నిలిస్తే రేకు లోపలికి సొట్టపోతుంది. ఆ సొట్టకు కొద్దిపాటి ఎత్తులోనే నూనెను పీల్చే జల్లెడ ఉంటుంది. సొట్ట పైకి లేచి జల్లెడ నోటిని మూస్తే నూనె పంపుకు నూనె అందదు. ఇంజనును బిగించి, కారులో కూర్చోబెట్టి, స్టార్టు చేసిన తరువాత కొత్తగా వేసిన బేరింగులు నూనె లేక ఒరుసుకొని పాడవుతాయి. వేల రూపాయలు ఖర్చుచేసి చేయించిన పని ఎందుకు చెడిందో యజమానికీ తెలియదు, మెకానిక్కుకూ తెలియదు. సంపు అల్యూమినియంతో పోతపోసినదైతే సొట్ట పోదు, పగులుతుంది. అందుచేత టైరును ఒక రాత్రికి విడిదిగా భావించవచ్చునే గాని, నెలల తరబడి నివాసంగా భావించరాదు. అప్పుడైనా బరువు ఛాంబరుమీద కాక బ్లాకు అంచులమీద పడేటట్లు రెండు పక్కలా చెక్కదిమ్మలు పెట్టడం మేలు.

ఇంజను విప్పి బిగించే పనికి ప్రత్యేకంగా ఏర్పడిన సాధనం తిరుగుడు స్టాండు. చక్రాలు గల ఇనుప పీఠంమీద నిటారుగా ఒక స్తంభం, స్తంభం పైకొనలో అడ్డంగా ఒక గొట్టం, ఆ గొట్టంలో తిరిగే మరో గొట్టం, దాని ముఖాన ఒక పలక, పలకకు జరుపుకోదగిన నాలుగు చేతులు ఉంటాయి. గేరుబాక్సును తొలగించిన తరువాత ఇంజను వెనుక ముఖంమీద బయటపడే బోల్టు రంధ్రాలకు ఈ నాలుగు చేతులను బిగిస్తారు. దానితో ఇంజను మొత్తం గాలిలో వేలాడుతుంది. చేతికర్రతో తిప్పితే తలకిందులవుతుంది. హెడ్డు పని పైనుండి, క్రాంకు పని కిందినుండి నడుము వంచకుండా చేసుకోవచ్చు. రోజంతా నేలమీద గొంతుక్కూర్చొని పనిచేసే మెకానిక్కుకు ఈ సౌకర్యం చిన్నది కాదు. పైగా నేలమీది దుమ్ము, ఇసుక విప్పిన ఇంజనులో పడకుండా ఉండడం మరొక లాభం.

ఈ సౌకర్యానికి ఒక మూల్యం ఉన్నది. ఇంజను ఒకే ఒక కొననుండి వేలాడుతున్నది. గోడకు కొట్టిన దూలం కొనన బరువు కట్టినట్లే ఇక్కడి పరిస్థితి. స్టాండుపై ఎన్ని కిలోలు మోయగలదో రాసి ఉంటుంది. 340 కిలోలు, 450 కిలోలు అనే అంకెలు సాధారణంగా కనిపిస్తాయి. ఇవి పౌండ్లలో 750, 1000 అనే అంకెలకు దగ్గరి మారకాలు. కాని బరువు ఎంత అనేది సగం మాట మాత్రమే. అది పలకనుండి ఎంత దూరాన ఉన్నది అనేది మిగిలిన సగం. 150 కిలోల ఇంజను గురుత్వ కేంద్రం పలకకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, వంచే శక్తి 150ని 0.3తో గుణించగా 45 అవుతుంది. దీనిని కిలోగ్రామ్-మీటర్లలో చెబుతారు. అదే బరువు గల పొడవైన ఆరు సిలిండర్ల ఇంజనులో ఆ దూరం 50 సెంటీమీటర్లయితే వంచే శక్తి 75కు పెరుగుతుంది. తూకం మారలేదు, స్టాండుపై ఒత్తిడి మాత్రం ఒకటిన్నర రెట్లకు మించింది. కాబట్టి ఇంజను బరువుకు కనీసం రెట్టింపు సామర్థ్యం రాసి ఉన్న స్టాండును ఎన్నుకోవడం వివేకం. మారుతి 800లోని మూడు సిలిండర్ల 796 ఘన సెంటీమీటర్ల ఇంజను వంద కిలోల లోపే తూగుతుంది. దానికి చిన్న స్టాండు చాలు. అమెరికా దేశపు పాత కార్లలోని ఎనిమిది సిలిండర్ల ఇనుప ఇంజన్లు 250 కిలోలు దాటుతాయి. అక్కడ చిన్న స్టాండు పనికిరాదు.

ఆలంకారికులు ఆధారం కంటె ఆధేయాన్ని మిన్నగా వర్ణించడాన్ని 'అధికం' అనే అలంకారంగా పరిగణించారు. కావ్యంలో అది చమత్కారం. షెడ్డులో అది ప్రాణాంతకం.

స్టాండు ఎంత దృఢమైనదైనా ఇంజనుకూ దానికీ నడుమ సంబంధం నాలుగు బోల్టులే. వాటిపై పడే భారాన్ని గురించి ఒక చిన్న లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. పై రెండు బోల్టులకూ కింది రెండు బోల్టులకూ మధ్య ఎడం 25 సెంటీమీటర్లు అనుకుంటే, 45 కిలోగ్రామ్-మీటర్ల వంపుశక్తిని 0.25తో భాగించగా 180 వస్తుంది. అంటే పై రెండు బోల్టులూ కలిసి 180 కిలోల లాగుడును భరిస్తున్నాయి. ఇది ఇంజను మొత్తం తూకం కంటె ఎక్కువ. బోల్టులను దగ్గర దగ్గరగా బిగిస్తే ఈ లాగుడు ఇంకా పెరుగుతుంది. కనుక చేతులను వీలైనంత ఎడంగా ఉన్న రంధ్రాలకు పట్టించాలి.

గేరుబాక్సు విప్పినప్పుడు వచ్చిన బోల్టులనే స్టాండుకు వాడడం తరచుగా జరిగే పొరపాటు. స్టాండు చేతిలోని గొట్టం దళసరిగా ఉండడంచేత ఆ బోల్టులు పొట్టివవుతాయి. రెండు మూడు మరచుట్లు పట్టగానే బిగిసినట్లు అనిపిస్తుంది. ఇనుప బ్లాకులో బోల్టు తన వ్యాసమంత లోతుకైనా దిగాలి. అల్యూమినియం బ్లాకులో ఒకటిన్నర నుండి రెండు రెట్లు దిగాలి. చేతి గొట్టం పొడవు 60 మిల్లీమీటర్లు, వాషరు మందం 3 మిల్లీమీటర్లు అయితే, 10 మిల్లీమీటర్ల బోల్టు ఇనుప బ్లాకులో దిగడానికి మరో 12 మిల్లీమీటర్లు కలుపుకొని మొత్తం 75 మిల్లీమీటర్ల బోల్టు కావాలి. గుణం కూడా చూడాలి. మిల్లీమీటరు బోల్టుల తలపై 8.8 అనే అంకె కనిపిస్తే అది గట్టి ఉక్కు. మొదటి 8 తెగుదల బలాన్ని, చుక్క తరువాతి 8 సాగకుండా నిలిచే భాగాన్ని తెలుపుతాయి. అంబాసిడర్ వంటి బ్రిటిష్ సంప్రదాయపు ఇంజన్లలో అంగుళాల మరలు ఉంటాయి. వాటికి మిల్లీమీటరు బోల్టును బలవంతంగా తిప్పితే బ్లాకులోని మర చెడుతుంది. అంగుళాల బోల్టుల తలపై అంకెకు బదులు గీతలు ఉంటాయి. మూడు గీతలున్నది గట్టిది, ఆరు గీతలున్నది మరింత గట్టిది. ఏ గుర్తూ లేని బోల్టు కిటికీ చట్రానికి సరిపోవచ్చు. నూటయాభై కిలోల ఇనుము దానికి వేలాడరాదు.

ఇక తిప్పడం సంగతి. పలక తిరిగే అక్షం ఇంజను గురుత్వ కేంద్రం గుండా పోతే, ఇంజను ఏ కోణంలోనైనా నిలుస్తుంది, వేలితో తిరుగుతుంది. కేంద్రం అక్షానికి 5 సెంటీమీటర్లు పైన ఉంటే, పక్కకు తిరిగిన క్షణంలో 7.5 కిలోగ్రామ్-మీటర్ల తిప్పుడు శక్తి పుడుతుంది. 40 సెంటీమీటర్ల చేతికర్ర పట్టుకొన్నవాడి చేతిపై అది సుమారు 19 కిలోల బరువుగా పడుతుంది. ఎడం 10 సెంటీమీటర్లయితే 37 కిలోలు దాటుతుంది. పట్టు జారితే చేతికర్ర గిర్రున తిరిగి మణికట్టునో దవడనో తాకుతుంది. స్టాండు బోర్లాపడి జరిగే ప్రమాదాలే అందరి దృష్టికీ వస్తాయి గాని, ఈ చేతికర్ర దెబ్బను పెద్దలు సైతం తేలికగా తీసుకొంటారు. అక్షాన్ని క్రాంకు మధ్యరేఖకు కొంచెం పైన ఉండేటట్లు చేతులను సవరిస్తే సాధారణంగా తూకం కుదురుతుంది. అయితే అది ఒకసారి కుదిరి శాశ్వతంగా ఉండేది కాదు. హెడ్డు తీసివేసినప్పుడు పైబరువు తగ్గి కేంద్రం కిందికి దిగుతుంది. క్రాంకు తీసివేసినప్పుడు మళ్లీ మారుతుంది. కనుక ఏ పెద్ద భాగాన్ని విప్పినా, నిలుపు పిన్నును తీయడానికి ముందు చేతికర్రను రెండు చేతులా పట్టుకోవాలి. మరచక్రం అమర్చిన స్టాండ్లలో ఇంజను తనంతట తాను వెనుకకు తిరగదు. ఖరీదు ఎక్కువైనా బరువైన ఇంజన్లకు అవి తగినవి.

పీఠం విషయంలో మోసపోవడానికి అవకాశం ఎక్కువ. చవకగా దొరికే స్టాండ్లకు మూడు కాళ్లు ఉంటాయి. స్తంభం దగ్గర వెడల్పైన అడ్డపట్టీ, ముందుకు ఒకే కాలు ఉండే అమరిక అది. చక్రాలు నేలను తాకే బిందువులను కలిపితే త్రిభుజం ఏర్పడుతుంది. గురుత్వ కేంద్రం నుండి దించిన నిలువుగీత ఆ త్రిభుజంలో పడినంతకాలం స్టాండు నిలుస్తుంది. కాని ఇంజను వేలాడేది త్రిభుజం సన్నబడే ముందువైపున. అక్కడ పక్కకు జరగడానికి చోటు కొద్ది. నాలుగు మూలలా చక్రాలు గల పీఠానికి ఈ దోషం లేదు. చిన్న ఇంజనుకైనా నాలుగు చక్రాల పీఠాన్నే ఎన్నుకోవడం ఉచితం.

చక్రాలను గురించి పుస్తకాలలో రాసినదంతా నున్నని సిమెంటు నేలను దృష్టిలో పెట్టుకొని రాసినదే. మన షెడ్లలో చాలావాటి నేల నూనె తాగిన మట్టి. అందులో నట్టులు, వాషర్లు, గులకరాళ్లు కూరుకొని ఉంటాయి. రెండంగుళాల చక్రం ఒక చిన్న నట్టుకు తగిలి ఠక్కున ఆగుతుంది. పైన ఛాతీ ఎత్తున ఉన్న ఇంజను మాత్రం ఆగదు, ముందుకు తూలుతుంది. అటువంటి నేలమీద పెద్ద చక్రాలైనా ఉండాలి, లేదా చక్రాలే లేకుండా కాళ్ల కింద వెడల్పైన పలకలుండాలి. ఇంజను మోస్తున్న స్టాండును జరపక తప్పనప్పుడు ముందుగా దారి ఊడ్చాలి. పైన ఇంజనును పట్టుకొని తోయకుండా, కింద పీఠాన్ని పట్టుకొని నిలువు దిశలో మెల్లగా జరపాలి. తూలిన ఇంజనును చేతులతో ఆపబోవడం సాహసం కాదు, అజ్ఞానం. దానిని పడనిచ్చి పక్కకు తప్పుకోవాలి. పగిలిన బ్లాకుకు మారు బ్లాకు దొరుకుతుంది.

తిరుగుడు స్టాండుకు సాధ్యం కాని పనులు కొన్ని ఉన్నాయి. ఇంజను వెనుక ముఖాన్ని స్టాండే ఆక్రమించుకొంటుంది కాబట్టి క్లచ్చును, ఫ్లైవీలును ముందే విప్పవలసి వస్తుంది. క్రాంకు వెనుక కొనన ఉండే నూనె సీలును మార్చడం, ఆ ముఖంమీద ఉండే రేకుబిళ్లలను కొట్టడం అక్కడ సుకరం కాదు. ఇంజనును పక్కనుండి పట్టుకొనే స్టాండ్లు ఈ ఇబ్బందిని తొలగిస్తాయి గాని, అవి ఒక్కొక్క జాతి ఇంజనుకు ఒక్కొక్క విధంగా ఉండాలి. అన్నిటికంటె ముఖ్యంగా, తిరుగుడు స్టాండుమీద ఇంజనును స్టార్టు చేయరాదు. తిరిగే ఇంజను కంపిస్తుంది. యాక్సిలరేటరు తొక్కినప్పుడల్లా క్రాంకు తిరిగే దిశకు ఎదురు దిశలో బ్లాకు మెలిపడుతుంది. ఒక కొననుండి వేలాడే బరువుకు ఆ మెలిక తోడైతే బోల్టులు వదులవుతాయి.

ఇటువంటి పనులకు క్రేడిల్ కావాలి. ఆ మాటకు అర్థం ఉయ్యాల, కాని ఇది ఊగరాదు. నేలకు దగ్గరగా ఉండే దీర్ఘచతురస్రాకారపు చట్రంమీద నిలువు స్తంభాలు ఉంటాయి. ముందు రెండు స్తంభాలు ఇంజనును కారులో పట్టి ఉంచిన మౌంటింగుల దగ్గరనే పట్టుకొంటాయి. వెనుక రెండు బెల్ హౌసింగు బోల్టుల దగ్గర ఆనుతాయి. బరువు ఒక కొనన వేలాడకుండా రెండు కొనల మధ్య నిలుస్తుంది. ఛాంబరు దేనికీ తగలకుండా గాలిలో ఉంటుంది. ఇంజనును నెలల తరబడి దాచడానికి, లారీలో మరొక ఊరికి పంపడానికి, క్లచ్చు బిగించడానికి ఇది తగిన ఆధారం. పరీక్షగా నడపదలచుకొంటే మౌంటింగుల దగ్గర రబ్బరు దిమ్మలు ఉండాలి. చట్రాన్ని నేలకు బిగించాలి. రేడియేటరు, బ్యాటరీ, పెట్రోలు డబ్బా చట్రానికి సంబంధించినవే గాని, డబ్బాను మాత్రం సైలెన్సరు గొట్టానికి దూరంగా పెట్టాలి. మూసిన గదిలో నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు. మనిషి తనకు మగత కమ్ముతున్నదని గ్రహించేలోపే పడిపోతాడు.

అంబాసిడర్ యువకుడికి ఈ రెండింటిలో ఏది కావాలి? ఇంజను పనిని తానే చేసుకోదలచుకొంటే తిరుగుడు స్టాండు అతనికి పదిహేను రోజుల అవసరం. దానిని కొనడం కంటె తెలిసిన షెడ్డులో అద్దెకో, ఎరువుకో తెచ్చుకోవడం నయం. విడిభాగాల కోసం వేచి ఉండే కాలం మాత్రం నెలలు. ఆ కాలానికి క్రేడిల్ సొంతంగా ఉండాలి. దానిని చేయించుకోవడం కష్టం కాదు. మౌంటింగుల మధ్య కొలతలను ఇంజను కారులో ఉన్నప్పుడే తీసుకొని వెల్డింగు షాపులో ఇస్తే ఇనుప చానలుతో ఒక రోజులో చట్రం తయారవుతుంది. వెల్డింగు పైపైన అంటించినట్లు ఉన్నదా, లోహంలోకి దిగినదా అని అతుకు అతుకూ పరిశీలించాలి. మూలలకు అడ్డంగా ఏటవాలు బద్దీలు వేయించాలి. ఇనుము సమకూరకపోతే తుమ్మదిమ్మలతో చేసినదైనా దాచడానికి సరిపోతుంది. అయితే మేకులు కొట్టరాదు, బోల్టులతో బిగించాలి. తిరుగుడు స్టాండును మాత్రం కొలతలు తెలియని వెల్డరుతో అంచనామీద చేయించడం మంచిది కాదు. ఒక కొనన వేలాడే బరువు అతుకులోని చిన్న లోపాన్ని కూడా క్షమించదు.

ఇంజను ఏ ఆధారంమీదకు ఎక్కుతున్నా, నాలుగు బోల్టులూ పూర్తిగా బిగిసేవరకు చైను బిగువు సడలరాదు. బిగించిన తరువాత చైనును రెండంగుళాలు మాత్రమే వదిలి, స్టాండు ముందుకు వంగుతున్నదా అని కొంతసేపు గమనించి, ఆ తరువాతనే కొక్కెం తీయాలి. వేపకొమ్మకు కప్పీ తగిలించి ఇంజను దించే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉన్నది. కొమ్మ పచ్చిదైనా, లావుదైనా దాని లోపలి పుచ్చు పైకి కనిపించదు. బలమైన దూలంగాని, మూడు కాళ్ల ఇనుప స్టాండుగాని ఉండాలి.

దాచిన ఇంజనుకు స్పార్కు ప్లగ్గుల రంధ్రాలలో కొద్దిగా నూనె పోసి, ప్లగ్గులు తిరిగి బిగించి, గాలిగొట్టాల నోళ్లను శుభ్రమైన గుడ్డతో కట్టాలి. పదిహేను రోజులకొకసారి క్రాంకును చేత్తో ఒక చుట్టు తిప్పితే రింగులు సిలిండరుకు పట్టుకోవు. తిరుగుడు స్టాండుమీద పని పూర్తయిన ఇంజను నేరుగా కారులోకి వెళ్లదు. మళ్లీ చైనుకు వేలాడి, స్టాండునుండి విడివడి, క్రేడిల్‌మీదకు దిగి, అక్కడ ఫ్లైవీలును, క్లచ్చును బిగించుకొన్న తరువాతనే బానెట్టు కిందికి చేరుతుంది.